గౌల్‌స్టన్ వీధి గోడ మీది రాత

  ఐరోపా చరిత్రను రాజుల యుద్ధాలతో కాక, ఓడ దిగి వచ్చిన మనుషులతో మొదలుపెట్టి చదవాలని మాకు నేర్పింది మా ఆచార్యులవారే. వలస, భద్రత, భిన్న సంస్కృతుల సహజీవనం గురించి ఐరోపాలో నేడు సాగుతున్న వాదం కొత్తదేమీ కాదు. దాని పాత రూపాన్ని లండన్ తూర్పు పేటల్లో చూద్దాం.

1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ, ప్రొటెస్టెంట్లకు మతస్వేచ్ఛనిచ్చిన నాంట్ శాసనాన్ని రద్దు చేశాడు. అక్కడి ప్రొటెస్టెంట్లు లండన్‌కు వలస వచ్చారు, తూర్పు పేట స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టు మగ్గాలు వెలిశాయి. అక్కడి బ్రిక్ లేన్‌లోని ఒక భవనం కథ చూడండి. 1743లో ఫ్రెంచివారి ప్రార్థనామందిరం, తర్వాత మెథడిస్టులది, 1898లో యూదుల సినగాగ్, 1976లో మసీదు. సహజీవనం సాఫీగా సాగిందనడానికి చాలామంది దాన్నే చూపిస్తారు. నేను ఒప్పుకోను. ఒకరు వెళ్లి మరొకరు వచ్చే నడుమ ఆ వీధుల్లో ఏం జరిగిందో భవనం చెప్పదు. పద్దెనిమిదో శతాబ్దాన్ని దాటేసి నేరుగా 1880లకు వస్తాను.

1881లో జార్ రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద దాడులు చెలరేగాయి. ప్రాణభయంతో, పేదరికంతో బయలుదేరినవాళ్లలో వేలమంది లండన్ తూర్పు పేట వైట్‌చాపెల్ చేరారు. అప్పటికే రైలు మార్గాల కోసం, గిడ్డంగుల కోసం, పాఠశాలల కోసం అక్కడి పేదల ఇళ్లు కూల్చేశారు. మిగిలిన గదులకు అద్దె పెరిగింది. అద్దె సరే, గది తాళంచెవి చేతిలో పెట్టడానికే కొందరు యజమానులు విడిగా డబ్బు గుంజేవారు. స్థానిక కార్మికుడి గోడు అబద్ధం కాదు. కానీ అతని కోపం యజమాని మీదికి పోలేదు, పక్కగదిలో బట్టలు కుడుతున్న యూదు దర్జీ మీదికి మళ్లింది.

అంతలో 1888లో వైట్‌చాపెల్ ప్రాంతంలో స్త్రీల వరుస హత్యలు. హంతకుడు యూదుడే అయివుంటాడన్న పుకారుతో సెప్టెంబరులోనే గుంపులు యూదుల మీద విరుచుకుపడ్డాయి. సెప్టెంబరు 30 తెల్లవారుజామున ఒకే రాత్రి ఇద్దరు స్త్రీలు హతులయ్యారు. 2.55కి గౌల్‌స్టన్ వీధిలో ఒక వాకిట కానిస్టేబుల్ ఆల్‌ఫ్రెడ్ లాంగ్‌కు నెత్తురంటిన గుడ్డముక్క దొరికింది. హతుల్లో ఒకామె ఏప్రన్ నుంచి కోసింది అది. పైన గోడ మీద సుద్దతో యూదులను ప్రస్తావించిన కొద్ది మాటలు. ఆ ఇళ్లలో ఉండేది ఎక్కువగా యూదులే. అది ఆదివారం, కాసేపట్లో పెటికోట్ లేన్ సంతకు జనం పోటెత్తుతారు. పోలీస్ కమిషనర్ చార్లెస్ వారెన్ స్వయంగా వచ్చి, ఫొటో తీయకముందే ఆ రాతను చెరిపించాడు.

దీని మీద పండితులు రెండు జట్లు. సాక్ష్యాన్ని నాశనం చేశాడని ఒకరు, ఊచకోతను ఆపిన మహానుభావుడని మరొకరు. గుడ్డ కప్పి వెలుతురు వచ్చేదాకా ఆగవచ్చు కదా అన్న మొదటి జట్టు వాదన బలమైనదే. జనం ఆ గుడ్డను లాగేస్తారని వారెన్ జవాబు. ఆ జనాన్ని ఎరిగినవాడి జవాబు అది, నేను నమ్ముతాను. నా తగాదా ఇద్దరితోనూ ఒకటే: ఇద్దరూ ఆ ఉదయం దగ్గరే ఆగిపోతారు. నవంబరు 6న వారెన్ హోం శాఖకు రాసిన నివేదిక చదవండి. రాతకు నకలు జతచేశాడు, చెరిపించింది తానేనని ఒప్పుకుని, ఎందుకో చెప్పాడు. అంతకుముందే అక్టోబరు 11న కానిస్టేబుల్ లాంగ్ బహిరంగ విచారణలో సాక్ష్యమిచ్చాడు. వారెన్ వీధిలో అల్లరిని ఆపాడు, విషయాన్ని దాచలేదు. ఈ రెండు పనుల తేడా పట్టుకోకుండా వలస చరిత్ర రాయడం కుదరదని నా దృఢ విశ్వాసం.

భయం మాత్రం పోలేదు. 1901లో వలసలను వ్యతిరేకించే బ్రిటిష్ బ్రదర్స్ లీగ్ పుట్టింది. తూర్పు లండన్‌లోని స్టెప్నీ ఎంపీ ఎవాన్స్-గోర్డన్ పార్లమెంటులో వలసల కట్టడికి పట్టుబట్టాడు. వలసలపై వేసిన రాయల్ కమిషన్ 1903లో నివేదిక ఇచ్చింది. 1905లో వలసల కట్టడి చట్టం వచ్చింది. ఇరవైమందికి మించి విదేశీ పేద ప్రయాణికులను తెచ్చే ఓడలను అది తనిఖీ చేయించింది. మత, రాజకీయ పీడన నుంచి పారిపోయి వచ్చినవారికి మినహాయింపు ఇవ్వడం దాని మంచితనం. తాళంచెవి సొమ్ము గుంజే యజమాని జోలికి పోకపోవడం దాని లోపం.

తూర్పు పేటల్లో ఆ భయమూ, దానికి ఎదురునిలవడమూ తర్వాత కూడా సాగాయి. 1936 అక్టోబరులో కేబుల్ స్ట్రీట్‌లో బ్రిటిష్ ఫాసిస్టు నాయకుడు మోస్లీ అనుచరులను యూదులు, ఐరిష్ కార్మికులు కలిసి అడ్డుకున్నారు. 1968లో వలసలకు వ్యతిరేకంగా ఎంపీ ఈనక్ పవెల్ చేసిన ప్రసంగానికి మద్దతుగా రేవు కార్మికులు ఊరేగారు. 1978 మేలో బంగ్లాదేశీ యువకుడు అల్తాబ్ అలీ జాతివిద్వేష హత్యకు గురైతే, శవపేటికతో వేలమంది డౌనింగ్ స్ట్రీట్‌కు నడిచారు.

ఆ పాత వాదం నేటి రూపానికి ఇక జర్మనీ చూద్దాం. 2015లో లక్షల శరణార్థులను స్వీకరించిన ఆ దేశంలో, ఆ ఏటి చివరి రాత్రి కొలోన్ రైల్వే స్టేషన్ దగ్గర వందలాది స్త్రీల మీద లైంగిక దాడులు, దొంగతనాలు జరిగాయి. రాత్రి ప్రశాంతంగా గడిచిందని పొద్దున పోలీసులు ప్రకటించారు. వారెన్ చేయనిది అదే. నిందితుల్లో చాలామంది ఉత్తరాఫ్రికావాళ్లని తెలిశాక, దాచారన్న ఆగ్రహం ఏ తప్పూ చేయని శరణార్థుల మీద కూడా పడింది. జనవరి 8న నగర పోలీసు అధిపతిని పదవి నుంచి తప్పించారు. కాదన్నాక లైంగిక చర్యకు దిగడమే నేరమని జులైలో బుండెస్టాగ్ చట్టం మార్చింది, ఆ నేరం చేసిన విదేశీయుల్ని పంపించేయడాన్ని సులభం చేసింది.