త్రాసునందలి హృదయము

  

ఈ వార్షికసభయందు ప్రాచీనుల మతవిశ్వాసములను గూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకులు మమ్ము గోరిరి. విషయము సముద్రము, మాకు లభించిన కాలము పుడిసెడు నీరు. కావున నొక్క దేశమును, అందును నొక్క విశ్వాసమును మాత్రమే గ్రహించి, అది యెట్లు పెరిగెనో, యెట్లు వక్రించెనో విన్నవింతుము. ఆ దేశము నైలునదీతీరమందలి ఈజిప్టు. ఆ విశ్వాసము మరణానంతరజీవనము.

ఆ దేశపు చిత్రలిపి చదువువారు లేక బహుశతాబ్దములు మూగవోయి యుండెను. 1822లో షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుడు దాని మర్మమును భేదించెను. పిదప 1880-81లో మాస్పెరో అను మఱియొక పండితుడు సక్కారాయందలి పిరమిడ్ల లోపలిగోడలపై చెక్కిన మంత్రములను వెలికి దెచ్చెను. వానిలో మిక్కిలి ప్రాచీనములు క్రీ. పూ. 2350 ప్రాంతమున నున్న ఉనాస్ రాజు సమాధిలోనివి. మృతుడైన రాజు నక్షత్రములలో జేరవలెననియు, సూర్యుని నావలో బయనింపవలెననియు వాని యాశయము. తొలుత నవి రాజునకే. కొంతకాలమునకు రాణులకును లభించెను. పొలము దున్ని, ఱాళ్లు మోసిన ప్రజలకు ఆ గోడలపై నొక్క యక్షరమును లేదు.

తరువాత రాజాధికారము సడలెను. క్రీ. పూ. 2100 ప్రాంతమునుండి ఉద్యోగులును, ధనికులును తమ శవపేటికలపై నట్టి మంత్రములను వ్రాయించుకొనసాగిరి. మరణించి మరల జీవించి పరలోకాధిపతియైన ఒసిరిస్ దేవుని పేరు రాజు కాని మృతునకును జేర్చబడెను. స్వర్గద్వారమొకింత విశాలమయ్యెను.

క్రీ. పూ. 1550 మొదలు ఆ మంత్రములు పపైరస్ చుట్టలపై కెక్కెను. వీనిని నేటి పండితులు మృతుల గ్రంథమందురు. లండను నగరమున బ్రిటిష్ మ్యూజియమునందున్న అని అను లేఖకుని చుట్ట సుమారు 78 అడుగుల పొడవుగలది. అందొక చిత్రము గలదు. త్రాసు యొకతట్ట మృతుని హృదయము. వేఱొకతట్ట మాత్ దేవత యీక. మాత్ అనగా సత్యము, ధర్మము, జగన్నియమము. మన ఋగ్వేదమునందలి ఋతభావమున కిది సన్నిహితము. నక్కముఖముగల అనుబిస్ తూకము జూచును. థోత్ ఫలితము వ్రాయును. హృదయము తూగనిచో మ్రింగుటకు మొసలితలగల జంతువు వేచియుండును. ఆ సభలో నడుగబడునది వంశము గాదు, పదవి గాదు, నడవడి. మానవజాతి యాలోచనలో నిది గొప్ప మెట్టు.

అయినను, సోదరులారా, ధనము త్రాసుకడ్డిని ముట్టకపోలేదు. పేరున కెడము విడిచి ముందుగనే వ్రాసిన చుట్టలు సిద్ధమయ్యెను. వెల యిచ్చినవాడు తన పేరు పూరింపించుకొనెను. తీర్పువేళ తనపై సాక్ష్యము పలుకవలదని హృదయమును వేడుకొను మంత్రమును పేడపురుగు రూపమున మలచిన ఱాతిపై జెక్కి శవము ఱొమ్మునకు జేర్చిరి. సాక్షి నోరు మూయించి న్యాయము గోరుట యిది! అయినను, ఆ దేశమునందే మెరికరె రాజునకు బోధించినట్లున్న నీతిగ్రంథము, దుర్జనుని బలికంటె సజ్జనుని శీలమే దైవమునకు బ్రియమను భావమును బ్రకటించెను. రెండును నొక్క నేలపైననే మొలచినవి.

ఈ కథ మనకేల యందురా? మా తండ్రిగారు గతించినప్పుడు నలుగురి మెప్పునకై యప్పుచేసి ఘనముగ కర్మలు జరిపితిమి. అన్నసంతర్పణమును ఊరెల్ల మెచ్చెను. ఆ యేడే మా తమ్ముని చదువు నిలిచిపోయెను, మరల సాగలేదు. తండ్రిగారు బ్రదికియున్నచో దేనికి సంతసించియుందురో మాకప్పుడు తట్టలేదు. అనేకులకు బాఠములు చెప్పితిమి గాని, ఇంటిలోని యొక్కని బడి మాన్పితిమి. ఆ బరువు మా హృదయమున నేటికిని గలదు.

శ్రాద్ధము వలదని మేమనము. శ్రద్ధనుండియే శ్రాద్ధశబ్దము పుట్టినది, అప్పునుండి గాదు. శక్తికొలది విధిని నెఱవేర్చి, ఆడంబరమునకు వ్యయింపదలచిన దానిలో గొంత మన పేదబాలబాలికల చదువునకు బితరుల పేర సమర్పింపుడని దాతలను వేడుచున్నాము. గోడలలో దాగిన యక్షరము రాజు నొక్కనికే దక్కెను. బిడ్డలకు జెప్పించిన యక్షరము వంశమునెల్ల దరింపజేయును.

మాటలలో దోషములున్న మన్నింపుడు. భగవంతుడు మన సంఘమునకు సద్బుద్ధి నొసగుగాక!