మోకాళ్ళ నొప్పి - గంధకము

సైదాబాదు నుండి మలక్‌పేట గంజి ఎంతో దూరము లేదు. ఉల్లిగడ్డల వ్యాపారమునకు పేరుపడిన ఆ తావు నెరిగినవారికి గంధకమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. ఉల్లిని కోసినపుడు కన్నీరు రప్పించునది గంధకము చేరిన ఒక వాయువే. మన కీళ్ళలో ఎముకల చివరలనున్న మృదులాస్థి యందును గంధకము కలదు. ఈ రెంటిని ముడిపెట్టి, సహజ గంధకమను పేర మందుల దుకాణములలో మాత్రలు అమ్ముచున్నారు. మెట్లెక్కలేని పెద్దలు, నొప్పి బిళ్ళలతో కడుపు చెడినవారు వీనిని ఆశతో కొనుచున్నారు.

ఆ పొడి పేరు మిథైల్ సల్ఫోనిల్ మీథేన్. పాలలోను, కూరగాయలలోను ఇది అత్యల్పముగా ఉండును. కాని మాత్రలోనిది డైమిథైల్ సల్ఫాక్సైడు అను ద్రవము నుండి కర్మాగారమున తయారుచేసినది. సహజమను మాటను అంతవరకే నమ్మవలెను.

2006లో అమెరికాలో మోకాళ్ళ అరుగుదల గల 50 మందిపై దీనిని పరీక్షించిరి. రోజుకు 6 గ్రాముల చొప్పున 12 వారములు పుచ్చుకొన్న సగముమందికి, మందులేని మాత్రలు మ్రింగిన తక్కినవారికంటె నొప్పి కొంత తగ్గెను. బిగుసుకొనుట మాత్రము చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అరిగిన మృదులాస్థి తిరిగి పెరిగినదని ఆ పరీక్ష చెప్పలేదు. అయినను 50 మంది యనగా మన పెండ్లిలో ఒక్క బంతికైనను చాలరు.

ప్రయత్నింపదలచినవారు వైద్యునితో చెప్పి, మూడు నెలలు చూచి, గుణము లేనిచో మానివేయవలెను. రక్తము పలుచబడు మందులు వాడువారు ముందుగా అడుగక తప్పదు. దుకాణములో దొరకు పసుపుపచ్చని గంధకపు పొడిని దీనికి మారుగా ఎన్నడును మ్రింగరాదు; అది వేరు, ఇది వేరు. బరువు తగ్గుట, తొడ కండరములకు వ్యాయామము - వీని మేలునకు గల ఆధారము ఇంతకంటె బలమైనది. కుర్చీలో కూర్చుండి కాలు ముందుకు చాచి, ఐదు లెక్కించి దింపుట రేడియోలో వార్తలు వినుచునే చేయవచ్చును.