వేళ్ల బుడిపెలు చెప్పే మాట

 

మేము హాస్టల్లో పిల్లలతో ఉండేవాళ్లం. పోయిన వానకాలం ఇళ్లకు వెళ్లే పిల్లలతో, మీ చేలోని పెసర, కంది మొక్కలు వేళ్లు తెగకుండా తెమ్మన్నాం. కడిగి చూస్తే కొన్ని వేళ్లకు గుత్తులుగా బుడిపెలు. గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు. కొన్ని వేళ్లు మాత్రం నున్నగా ఉన్నాయి. పత్తి చేలోంచి అలాంటి కంది మొక్క తెచ్చిన ఒక చెల్లె, "మా భూమికి రోగమొచ్చిందా మేడం?" అని అడిగింది.

ఆ బుడిపెల్లో రైజోబియం అనే సూక్ష్మజీవులుంటాయి. 1888లో బైజరింక్ అనే డచ్ శాస్త్రవేత్త వాటిని వేరుచేసి చూపారు. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి, మొక్క వాటికి తిండి పెడుతుంది. గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టే. యూరియా ఎక్కువైతే బుడిపెలు తగ్గిపోతాయి.

పప్పుజాతి మొక్కల వేళ్లు మట్టిలోకి వదిలే పదార్థాలతో ఇంకెన్నో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిలో కొన్ని పురుగుమందుల అవశేషాలను మెల్లగా విరగ్గొడతాయి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు అలా విరగవు, మొక్కలోకి ఎక్కవచ్చు. అందుకే ఫ్యాక్టరీ వ్యర్థాలు పడిన చోట ముందు మట్టి పరీక్ష చేయించాలి. అక్కడ పండింది తినొద్దు, పశువులకు వేయొద్దు.

మందు కొడుతూనే ఉంటే ఏ మొక్కా నేలను బాగుచేయలేదు. మన పాత వరంగల్ జిల్లా, లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనబావిని చూడండి. యాభైకి పైగా కుటుంబాలు, సుమారు 280 ఎకరాలు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడి, 2006లో రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. ఒక్కరే మానేస్తే పక్క చేని మందు గాలికి వస్తుంది. ఊరు కలిసింది కాబట్టే అది సాగింది.

ఆ చెల్లె ఇంట్లో అడిగితే, "అప్పు తీరినంక చూద్దాం" అన్నారట. ఆ భయం అబద్ధం కాదు. మళ్లీ మళ్లీ అడిగి అయిదు గుంటలు ఒప్పించింది. ముందు జీలుగ వేసి, పూతకు రాగానే కలియదున్నారు. తర్వాత పెసర. ఎకరం విత్తనానికి 200 గ్రాముల రైజోబియం లెక్కన, చల్లారిన బెల్లం పాకంలో కలిపి, విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తారు.

ఫలితం ఒక్క ఏడాదిలో తేలదు. మేమూ ఎదురుచూస్తున్నాం. ఈ వానకాలం మీరూ మీ చేలో ఒక్క మొక్క జాగ్రత్తగా పెకిలించి, వేళ్లు కడిగి, అమ్మానాన్నలకు చూపించండి. మాట అక్కడ మొదలుపెట్టండి.