చెవితో సరిచేసిన ఇంజను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "విదేశాల్లో నీ అనుభవాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడవయ్యా" అన్నారు. ఆహ్వాన పత్రిక చూస్తే అనుభవాల మీద మాట్లాడేవాళ్లు ఈ పూట ఇంకో నలుగురున్నారు. అందుకని నేను ఒకే ఒక్క వస్తువు గురించి మాట్లాడతాను. దాని పేరు కార్బురేటర్. ఇక్కడున్న కుర్రాళ్లలో దాన్ని చూసినవాళ్లు తక్కువ. యాభై దాటినవాళ్లలో ఏదో ఒకరోజు దాన్ని తిట్టనివాళ్లు తక్కువ.

నా ఉద్యోగం ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ దగ్గర. ఇంజనులోకి ఎంత గాలి వెళ్తే ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్కగట్టే కంప్యూటర్లను పరీక్షించడం నా పని. సైలెన్సర్ గొట్టంలో సెన్సర్ ఉంటుంది, మిగిలిన ఆక్సిజన్ ఎంతో చెబుతుంది, కంప్యూటర్ సరిదిద్దుకుంటుంది. ఇదంతా సెకనులో చాలాసార్లు జరుగుతుంది. మనిషి చేయి పెట్టే పని లేదు. అలాంటి నేను సెలవు రోజుల్లో మాత్రం 1967 నాటి ఒక ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ముందు వంగి, చెవిలో రబ్బరు గొట్టం పెట్టుకుని నిలబడేవాణ్ణి. కారు నాది కాదు, మా పక్కింటి పెద్దాయనది.

ఎం.జి.బి. అంటే మనకు సంబంధం లేని కారనుకోకండి. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో చేశారు. దాని 1798 సీసీ ఇంజను 'బి సిరీస్' అనే కుటుంబంలోది. ఆ కుటుంబంలోనే 1489 సీసీ తమ్ముడు ఒకడున్నాడు. వాడు మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు పనిచేశాడు. స్టేషన్ దగ్గర ట్యాక్సీ ఎక్కి పెళ్లికి వెళ్లిన ప్రతివాళ్లూ ఆ చప్పుడు విన్నారు. నేను మొదటిసారి పెద్దాయన బానెట్ ఎత్తి చూసినప్పుడు బంధువుల ఇంటికి వచ్చినట్టే అనిపించింది.

ఇక మిశ్రమం సంగతి. మన కెమిస్ట్రీ మాస్టారు బోర్డు మీద తుల్యం చేయించిన సమీకరణం గుర్తుందా? రెండు ఆక్టేన్ అణువులు పూర్తిగా మండాలంటే 25 ఆక్సిజన్ అణువులు కావాలి. దాన్ని బరువుల్లోకి మార్చి, గాలిలో ఆక్సిజన్ వాటా లెక్కవేస్తే, కిలో ఆక్టేన్‌కు 15 కిలోల పైచిలుకు గాలి వస్తుంది. మనం పోయించుకునే పెట్రోలు చాలా పదార్థాల కలగలుపు కాబట్టి దానికి సుమారు 14.7 కిలోలు. ఇంకోలా చెబితే, ఒక లీటరు పెట్రోలు కాలడానికి తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. బంకులో లీటరుకే డబ్బులు తీసుకుంటారు, ఆ తొమ్మిది వేల లీటర్లూ ఉచితం!

పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటాం. నల్లపొగ వస్తుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, మైలేజీ పోతుంది. తక్కువైతే లీన్. పైకి పొదుపులాగే కనిపిస్తుంది కానీ నిజంగా ప్రమాదం ఇందులోనే ఉంది. బరువు మీద నడిచేటప్పుడు లీన్ అయితే వేడి పెరిగి ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోతాయి. గట్టిగా లాగాలంటే 12.5, 13 దగ్గర ఉండాలి. నిదానంగా పోయేటప్పుడు 14, 15 చాలు. అంటే ఒకే నిష్పత్తి అన్నివేళలా పనికిరాదు. కంప్యూటర్ లేని రోజుల్లో ఈ మార్పులన్నీ ఒక ఇత్తడి సూది చేసేది.

ఆ కారులో రెండు కార్బురేటర్లు ఉంటాయి. ఎస్.యు. కంపెనీవి. స్కిన్నర్ అనే అన్నదమ్ములు ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దంలో మొదలుపెట్టారు. వాళ్లది చెప్పుల వ్యాపార కుటుంబం. అందుకేనేమో, తొలి కార్బురేటర్లలో పిస్టన్‌కు బదులు తోలు తిత్తి వాడారు. కొలిమి తిత్తి లాంటిదే, కాకపోతే ఊదడానికి కాదు, పీల్పుకు కదలడానికి. తర్వాత తిత్తి పోయి లోహపు పిస్టన్ వచ్చింది.

పనిచేసే తీరు ఇది. ఇంజను గాలి పీల్చినకొద్దీ పిస్టన్ పైకి లేస్తుంది. పిస్టన్ అడుగున కొన వైపు సన్నబడే సూది, కింద జెట్ రంధ్రంలో దిగి ఉంటుంది. పిస్టన్ లేస్తే సూదీ లేస్తుంది, రంధ్రంలో సందు పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు తనంతట తానే పెరిగినట్టు. పిస్టన్ నడిమి గొట్టంలో కాస్త పల్చటి నూనె పోస్తారు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆ నూనె ఆపుతుంది. ఆ క్షణం మిశ్రమం రిచ్ అయి బండి పికప్ అందుకుంటుంది. నూనె ఎండిపోతే బండి తడబడుతుంది. అది తెలియక చాలామంది అన్నీ విప్పేస్తారు.

పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఎనభై దాటాయి. నలభై ఏళ్లుగా ఆ రెండు కార్బురేటర్లనూ చెవితోనే సరిచేసుకున్నారు, ఏ మీటరూ వాడలేదు. ఒక చలికాలం తర్వాత కారు నిలకడగా నడవడం మానేసింది. స్లో రన్నింగ్‌లో ఊగుతోంది, కార్బురేటర్ లోంచి తుమ్ముతోంది. ఒక గ్యారేజీకి తీసుకెళ్తే రెండు కార్బురేటర్లూ మార్చేయమన్నారు, లేకపోతే కారు అమ్మేయమన్నారు. ఆయన కారు ఇంటికి తెచ్చుకుని నా తలుపు తట్టారు. అసలు విషయం రెండో కప్పు టీ దగ్గర బయటపడింది. కార్బురేటర్ చేసే 'స్స్' శబ్దం ఆయనకు ఇక వినపడటం లేదు. వయసు మీద పడితే ముందు పోయేవి ఆ సన్నటి శబ్దాలే. వినికిడి యంత్రం పెట్టుకుంటే లోకంలోని చప్పుడంతా ఒకేలా వస్తోందట. "పని నాకు తెలుసు, నీకు వినపడుతుంది" అన్నారు.

నేను ఆఫీసు నుంచి మీటరు తెస్తానన్నాను. ఆఖర్న తెమ్మన్నారు.

మొదటి రోజు కార్బురేటర్ మీద చేయి వేయనివ్వలేదు. ట్యాపెట్లు సరిచేయించారు, 15 థౌ. తర్వాత పాయింట్లు, ప్లగ్గులు, టైమింగ్. నిప్పు సరిగా లేకుండా మిశ్రమం దిద్దడం దండగ అని ఆయన పట్టుదల. నేను ఇవాళ్టికీ మా జూనియర్లకు అదే వరస చెబుతాను. రెండో వారం గాలి ఎక్కడ దొంగగా దూరుతోందో వెతికాం. వెనక కార్బురేటర్‌లో థ్రాటిల్ కడ్డీ అరిగి చుట్టూ సందు పడింది. ఆ సందులోంచి వచ్చే గాలికి లెక్కాపత్రం లేదు, సూది దాన్ని చూడలేదు. తుమ్ములకు కారణం అదే. మార్చాల్సింది కార్బురేటర్లను కాదు, ఆ కడ్డీనీ దాని బుష్షులనూ.

ఆ తర్వాత అసలు పని. ఇంజను బాగా వేడెక్కాలి. ఎయిర్ ఫిల్టర్లు తీసేసి, రెండు కార్బురేటర్లనూ కలిపే క్లాంపులు వదులు చేయాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ నోటి దగ్గర. ముందుదాని 'స్స్', వెనకదాని 'స్స్' ఒకే స్థాయిలో ఉండేదాకా స్క్రూలు తిప్పాలి. ముందుది పెద్ద గొంతుతో, వెనకది చిన్న గొంతుతో మాట్లాడితే నాలుగు సిలిండర్లలో రెండు మోస్తున్నాయి, రెండు కూర్చున్నాయి అని అర్థం.

నేను వింటున్నంతసేపూ ఆయన కారు వెనక స్టూలు వేసుకుని, సైలెన్సర్ గొట్టం ముందు అరచేయి పెట్టి కూర్చున్నారు. వినలేనిది చేత్తో చూసుకుంటున్నారు. తాళం తప్పి, చిందరవందరగా మిస్ కొడితే లీన్. లయగా మిస్ కొడుతూ పొగ నల్లబడితే రిచ్. రెండూ లేకుండా సాఫీగా కొడితే సరిపోయినట్టు. వేళ్లతో చూపించేవారు, ఒక వేలైతే నట్టు ఒక పలక తిప్పమని. జెట్ కింద ఆరు పలకల నట్టు ఉంటుంది. కిందికి తిప్పితే జెట్ దిగి రిచ్, పైకి తిప్పితే లీన్. జెట్‌ను మట్టానికి తెచ్చి, అక్కణ్ణుంచి రెండు చుట్లు, అంటే 12 పలకలు దించి మొదలుపెట్టాం.

చివరి పరీక్ష పిన్నుతో. పిస్టన్‌ను మిల్లీమీటరు కంటే తక్కువ, బియ్యపు గింజ మందం కూడా లేనంత ఎత్తాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే రిచ్. వెంటనే పడిపోతే లీన్. కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. ముందుది మొదటిసారే సర్దుకుంది. వెనకది ఒక పలక పైకి అడిగింది. మళ్లీ గొట్టం చెవిలో, మళ్లీ అరచేయి గొట్టం ముందు. మూడున్నర గంటలు పట్టింది. అప్పుడు మీటరు తెమ్మన్నారు. స్లో రన్నింగ్‌లో 14కి కాస్త కింద చూపించింది. ఆ ఇంజను అడిగేది అంతే. పెద్దాయన అంకె వైపు చూడలేదు, నా మొహం వైపు చూశారు.

ఆ వేసవంతా ఆయన కారు నడిపారు. మరుసటి ఏడు వృద్ధాశ్రమానికి మారారు. కారు మనవరాలికి ఇచ్చారు. ఆమె ప్రతి వసంతంలోనూ ఫోన్ చేసి, "వెనకది ఇంకో పలక తిప్పనా?" అని అడుగుతుంది. ఫోను ఇంజను దగ్గర పెట్టమంటాను. ఫోనులో 'స్స్' సరిగా రాదు. అందుకని నాలుగైదుసార్లు వెళ్లి ఆమె చెవికే గొట్టం అందించాను.

ఇప్పుడు మన ఊరి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మీలో కొందరి ఇళ్లలో నాన్నగారి అంబాసిడర్, పద్మిని, పాత బుల్లెట్ ఇంకా ఉన్నాయి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ-20, అందులో ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది. దానికి కిలోకు తొమ్మిది కిలోల గాలి చాలు. ఈ కలగలుపుకు కావలసిన నిష్పత్తి 14.7 కాదు, 13.5 దగ్గర. కొత్త బండి కంప్యూటర్ ఆ సంగతి పసిగడుతుంది. పాత కార్బురేటర్‌కు తెలియదు. పాత సెట్టింగుతోనే నడిపితే లీన్‌గా నడుస్తుంది, వాల్వులు వేడెక్కుతాయి. మెకానిక్ చేత కాస్త రిచ్ చేయించండి. పెట్రోలు గొట్టాలు, వాషర్లు పాత రబ్బరైతే ఇథనాల్‌కు ఉబ్బి పగులుతాయి, అవి ముందు మార్చండి. బండి నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకులో ఆ పెట్రోలు ఉంచకండి, ఇథనాల్ తేమ పీలుస్తుంది.

ఒక ఎస్.యు. కార్బురేటర్ తెచ్చాను, టీ విరామంలో ఈ బల్ల మీదే ఉంటుంది. పిస్టన్ వేలితో ఎత్తి వదలండి. మెత్తగా దిగి, చివర 'టక్' మని వినపడాలి. వినపడకపోతే సూది జెట్‌కు రాసుకుంటోందని అర్థం. పిల్లలకు ముందు అవకాశం ఇవ్వండి.