కడప బండా? గ్రానైటా? ముందు నిమ్మకాయ పిండండి!

ఈరోజు టాపిక్ వంటగట్టు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఎక్కడైనా కొత్త ఇంటికి స్లాబ్ పడినాక మొదలయ్యే గొడవ ఒకటే. గట్టు మీద ఏం వేయాలి? నాయన కడప బండ చాలు అంటాడు, అమ్మ గ్రానైట్ అంటుంది, మనమేమో ఇన్‌స్టాలో చూసిన తెల్ల క్వార్ట్జ్ చూపిస్తాం. బేల్దారి అన్న మాత్రం "ఏదో ఒకటి తొందరగా తేల్చండి సార్" అంటాడు.

ముందు మన బండ సంగతి చూద్దాం. ముంబైలో, పుణేలో రాళ్ళ షాపుకు పోయి "కడప్పా" అనండి. ఊరు ఎక్కడ అని అడగరు, నల్ల బండ తీసి చూపిస్తారు. మన జిల్లా పేరే అక్కడ రాయి పేరు అయిపోయింది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల్లో తీసేది ఇదే. జియాలజీ వాళ్ళు దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. దాని పైన వచ్చే పొరల పేర్లు ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. చదువుతుంటే ఆర్టీసీ బస్సు బోర్డు చూసినట్టే ఉంటుంది.

సున్నపురాయి అన్నాను, ఆ మాట పట్టుకోండి. నల్లగా ఉంది కాబట్టి ఇది గ్రానైట్‌కు తమ్ముడు అనుకుంటారు చాలామంది. సంబంధమే లేదు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చింది ఈ సున్నపురాయి కోసమే. ఇందులో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బోనేట్. టెన్త్ కెమిస్ట్రీ గుర్తు తెచ్చుకోండి. దాని మీద యాసిడ్ పడితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి, రాయి కొంచెం కొంచెం కరుగుతుంది.

మరి మన వంటింట్లో ఉండేవి ఏంటి? చింతపండు, నిమ్మకాయ, టమాట, పుల్ల మజ్జిగ. అన్నీ పులుపే, అంటే యాసిడ్లే. కడప బండ మీద నిమ్మచెక్క పెట్టి మర్చిపోయినారంటే, తీసినాక అక్కడ మెరుపు పోయి గుండ్రంగా మచ్చ ఉంటుంది. అది మరక కాదు, ఎంత తోమినా పోదు. పైపొర తినేసింది కాబట్టి మళ్ళీ పాలిష్ పట్టాల్సిందే.

ఇంకోటి ఉంది, నాకు అసలు బాధ కలిగించేది ఇదే. మన వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. సింక్ పక్కన తెల్లగా పొర కడుతుంది. అమ్మ దాన్ని పోగొట్టాలని నిమ్మకాయో, వెనిగరో, బాత్రూమ్ యాసిడో వేసి రుద్దుతుంది. ఆ తెల్ల పొర ఏంటి? చాలా వరకు అది కూడా కాల్షియం కార్బోనేటే. పొరా అదే, రాయీ అదే. పొరను కరిగించే యాసిడ్‌కు రాయి దగ్గర ఆగాలని ఎట్లా తెలుస్తుంది? గృహప్రవేశానికి ముందు సిమెంట్ మరకలు పోవాలని ఇల్లంతా యాసిడ్‌తో కడుగుతారు చూడండి, అప్పుడే కొత్త బండ సగం పాడైపోతుంది. బాత్రూమ్‌లో వాష్‌బేసిన్ కింద వేసినా ఇదే కథ. మార్బుల్ కూడా ఇదే జాతి, కాబట్టి దానికీ ఇదే గతి.

గ్రానైట్ అట్లా కాదు. మోస్ స్కేల్ అని గట్టిదనం కొలిచే లెక్క ఒకటి ఉంది. కడప బండలో ఉండే కాల్సైట్ అందులో 3. మామూలు స్టీల్ కత్తి 5 పైన. గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. అంటే కత్తి మన బండను గీస్తుంది, గ్రానైట్‌ను గీయలేదు. పులుపు కూడా దాన్ని ఏమీ చేయదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అయితే జియాలజీ ప్రకారం గ్రానైటే కాదు, గాబ్రో జాతి. కానీ గట్టుకు బాగా పనికొస్తుంది. అందులో మెరిసే చుక్కలు బంగారం కాదని ప్రొద్దుటూరు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

షాపులో "అంతా గ్రానైటే" అంటే నమ్మొద్దు. సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ చేయకుండా రిలీజ్ చేయం కదా, ఇక్కడా అంతే. ఒక చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. నిమ్మరసం పోసి పది నిమిషాలు ఆగి తుడవండి. మెరుపు పోయిందా, అది సున్నపురాయి. తర్వాత దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది రుద్దండి. దూది నల్లగా అయితే ఆ బండకు రంగు వేసినారు, వదిలేయండి.

తెల్ల క్వార్ట్జ్ గురించి కూడా అడుగుతారు. అది గనిలో నుంచి తీసిన పలక కాదు, సుమారు 90 శాతం క్వార్ట్జ్ పొడికి రెసిన్ కలిపి ఫ్యాక్టరీలో తయారు చేసింది. పొయ్యి మీద నుంచి దింపిన ఇనుప పెనం నేరుగా పెడితే రెసిన్ మాడి మచ్చ పడొచ్చు. సంగటి కుండ దింపి గట్టు మీదే పెట్టే ఇండ్లకు ఇది సరిపోదని నా అభిప్రాయం.

దీంట్లో ఇంకో పెద్ద సమస్య ఉంది. దాన్ని కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది. ఆ రోగం పోయేది కాదు. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ రకం పలకలను నిషేధించింది. గ్రానైట్‌లో సిలికా దానికంటే తక్కువ, కానీ ఉంది. మన ఇంటి ముందు ఒక అన్న మూతికి టవల్ చుట్టుకొని పొడి కట్టర్‌తో సింక్ రంధ్రం కోస్తుంటాడు, మనం పక్కన నిలబడి వీడియో తీస్తుంటాం. టవల్ ఆ సన్న దుమ్మును ఆపదు. నీళ్ళు పోస్తూ కోయమనండి, మంచి మాస్క్ కొనివ్వండి. దానికి అర్ధరోజు ఆలస్యమైతే కానీయండి.

ఇంతకీ ఏం వేయాలి? నేనైతే పొయ్యి, సింక్ ఉండే గట్టు వరకు గ్రానైట్ వేస్తాను. పది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు అంటే 20 చదరపు అడుగులే. ధర అడిగేటప్పుడు కోత, అంచు పాలిష్, రవాణా అన్నీ కలిపి చెప్పమనండి. గట్టు కింద నిలువు పలకలు, సామాన్ల అరలు, స్టోర్ రూమ్ మొత్తం మన కడప బండే. చెద పట్టదు, చెమ్మకు ఉబ్బదు, ప్లైవుడ్ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. కొనేటప్పుడు అంచు చూడండి. ఇది పొరల రాయి కాబట్టి పొర లేచి ఉంటే అక్కడే విరుగుతుంది. రూపాయి బిళ్ళతో తట్టితే ఖంగుమనాలి, బొద్దుగా మోగితే లోపల పగులు ఉండొచ్చు.

డబ్బులు సరిపోక గట్టుకు కూడా కడప బండే వేస్తున్నారా? వేయండి, అందులో నామోషీ ఏం లేదు. కానీ అద్దంలాంటి పాలిష్ వద్దు, మచ్చలు అందులోనే ఎక్కువ కనపడతాయి. మ్యాట్‌గా నున్నగా చేయించుకోండి. కూరగాయలు కోసేందుకు చెక్క పలక పెట్టుకోండి, పులుపు పడితే వెంటనే తుడవండి. యాసిడ్ సీసా మాత్రం వంటింట్లోకి రానీయొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో సింక్ గురించి మాట్లాడదాం. స్టీల్‌దా, గ్రానైట్‌దా అని ఇప్పటికే చాలామంది అడిగినారు. ఉంటాను, బై.