గవ్వ పేరు పెట్టుకున్న డబ్బు: సెడీ, నైరాల మారకపు రేటు కథ



తరగతిలో ఏ ధర ప్రస్తావన వచ్చినా, ఆ డబ్బు ఎవరి చేతిలోంచి పోయి ఎవరి చేతిలో పడుతోందో మా మాస్టారు మా చేతనే వెతికించేవారు. మారకపు రేటు కూడా ఒక ధరే. ఆయన పేరిట ఈ స్మారకోపన్యాసం చేయమనగానే నాకు ఘనా సెడీ, నైజీరియా నైరా గుర్తుకొచ్చాయి. రేటును దేశం పరువుగా చూసినప్పుడు ఆ పరువు ఖర్చు ఎవరు భరిస్తారో ఈ రెండూ చెప్పినంత స్పష్టంగా మరేవీ చెప్పవని నా నమ్మకం.

సెడీ అనే పేరు అకాన్ భాషలో గవ్వకున్న మాటలోంచి వచ్చింది. ఆ గవ్వలు గినీ తీరంలో పుట్టినవి కావు. మాల్దీవుల్లో ఏరినవి. బెంగాల్ రేవులకూ సింహళానికీ చేరి, అక్కడి నుంచి ఐరోపా ఓడల అడుగున బరువు కోసం పోసుకెళ్తే, చివరికి పశ్చిమాఫ్రికాలో మనుషుల్ని కొనడానికి పనికొచ్చాయి. డబ్బు లేదనడానికి మనం ‘చిల్లిగవ్వ లేదు’ అంటాం. దహోమీ తీరంలో గవ్వకు చిల్లి పొడిచి, నలభై చొప్పున దారానికి గుచ్చి దండలుగా చెల్లించేవారు. మనకు కొరగాని చిల్లిగవ్వ అక్కడ సంతలో చెల్లే డబ్బు. 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ వర్తకులు జాంజిబార్ వైపు దొరికే చౌకరకం గవ్వలను ఓడలకొద్దీ తెచ్చి దింపారు. గవ్వ విలువ పడిపోయింది. మూటగట్టి దాచుకున్నవాళ్ల ఇళ్లలో మూటలు అలాగే ఉన్నాయి, వాటికి వచ్చే సరుకే తగ్గిపోయింది.

1912లో బ్రిటిష్‌వాళ్లు పశ్చిమాఫ్రికా కరెన్సీ బోర్డు పెట్టి గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా), నైజీరియా, సియెర్రా లియోన్, గాంబియాలకు ఒకే పౌను ఇచ్చారు. అది స్టెర్లింగుకు సరిసమానం. దానికి దన్నుగా ఉంచిన నిధులు లండన్‌లోనే ఉండేవి. కోకో, పల్లీలు అమ్మిన వలసల సొమ్ము అలా పాలించే దేశానికే అప్పుగా పనిచేసింది. స్వతంత్రం వచ్చాక సొంత డబ్బు కావాలని ఆ దేశాలు పట్టుబట్టడంలో తప్పేమీ లేదు.

ఘనాలో ఎన్‌క్రుమా ప్రభుత్వం 1965లో సెడీ తెచ్చింది. ఒక సెడీకి 8 షిల్లింగుల 4 పెన్నీలు, అంటే సరిగ్గా 100 పెన్నీలు. మరుసటి ఏడే ఆయన్ని సైన్యం దించేసింది. 1967లో ఆయన బొమ్మ లేని కొత్త సెడీ వచ్చింది. 1971 డిసెంబరు చివర ప్రధాని బూసియా సెడీ విలువను ఒక్కసారిగా తగ్గించి, డాలరుకు 1.02 నుంచి 1.82కు తెచ్చారు. మూడు వారాలు తిరగకుండానే కర్నల్ ఆచంపాంగ్ అధికారం గుంజుకున్నాడు. పాత అప్పుల్లో కొన్నిటికి ‘యెంతువా’, అంటే కట్టం పొమ్మన్నాడు. రేటును 1.28కి వెనక్కి తిప్పాడు. జనం హర్షించారు. ఆ హర్షాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పరాయి పాలన చూసిన ఏ దేశానికైనా తన డబ్బు గట్టిగా ఉండాలన్న కోరిక సహజమే.

కానీ విలువ తగ్గిస్తే గద్దె పోతుందన్న భయం తరువాతి పాలకులను వదల్లేదు. 1978లో 2.75 దగ్గర ఆగిన రేటు 1983 దాకా కదల్లేదు. ఈలోగా నోట్లు అచ్చవుతూనే ఉన్నాయి, ధరలు పెరుగుతూనే ఉన్నాయి. 1982 నాటికి దొంగబజారులో డాలరు ధర సర్కారు రేటుకు ఇరవై రెట్లు దాటింది. దిగుమతి లైసెన్సు దొరికినవాడు 2.75కే డాలరు తీసుకుని, సరుకు తెచ్చి బజారు ధరకు అమ్ముకున్నాడు. ఈ లాభాల వేటకు ఘనా జనం పెట్టిన పేరు ‘కలబులే’. కోకో రైతుకు మాత్రం ప్రభుత్వ బోర్డు సర్కారు రేటు లెక్కనే సెడీలు చేతిలో పెట్టింది. చెట్లు ముసలివయ్యాయి, కొత్తవి నాటే ఓపిక ఎవరికీ లేకపోయింది. సరిహద్దు ఊళ్ల బస్తాలు రాత్రిళ్లు ఐవరీ కోస్ట్‌కూ టోగోకూ దాటాయి. అక్కడ చేతికొచ్చేది ఫ్రెంచి ఫ్రాంకుకు కట్టిన సీఎఫ్‌ఏ ఫ్రాంకు. 1960ల నడుమ 5 లక్షల టన్నులు దాటిన పంట, కరువూ కార్చిచ్చూ తోడై, 1983-84లో సుమారు 1,60,000 టన్నులకు దిగింది.

నైజీరియాది చమురు కథ. నైరా 1973 జనవరి 1న, పౌనుకు రెండు చొప్పున వచ్చింది. ఆ ఏడే చమురు ధర ఎగిసింది. 1980లో ఒక నైరాకు డాలరున్నర కంటే ఎక్కువే వచ్చేది. 1975లో ప్రభుత్వం అడ్డూఆపూ లేకుండా తెప్పించిన సిమెంటుతో వందల ఓడలు లాగోస్ రేవు బయట నెలల తరబడి నిలిచిపోయాయి. విదేశీ సరుకు అంత చౌకైనప్పుడు కానో పల్లీ రైతు ఏం నిలబడతాడు? ఒకప్పుడు అక్కడ పిరమిడ్లలా పేర్చిన పల్లీ బస్తాలు కనబడకుండా పోయాయి.

ఈ రెండు డబ్బుల మధ్య నలిగింది మనుషులు. 1969లో ఘనా, పత్రాలు లేని పరదేశీయులను వెళ్లగొట్టింది. వారిలో నైజీరియావాళ్లే ఎక్కువ. 1983 జనవరిలో, చమురు ధర పడ్డాక, నైజీరియా అదే పని చేసింది. లక్షలాది ఘనావాళ్లు గళ్లగళ్ల ప్లాస్టిక్ సంచుల్లో సామాను సర్దుకుని రోడ్డున పడ్డారు. ఆ సంచికి ‘ఘనా మస్ట్ గో’ అన్న పేరు నేటికీ ఉంది.

ఆ ఏప్రిల్లో ఘనాలో అప్పటి రాలింగ్స్ ప్రభుత్వం సెడీ రేటును కదిపింది. విలువ తగ్గింపు అనే మాట మాత్రం నోట రానివ్వలేదు. ఎగుమతికి బోనసు, దిగుమతిపై అదనపు రుసుము అంది. అక్టోబరుకల్లా డాలరుకు 30 సెడీలని ఒప్పుకుంది. 1986 సెప్టెంబరులో ఘనా డాలర్ల వేలం మొదలుపెట్టింది. అదే నెలలో నైజీరియా, ఐఎంఎఫ్ అప్పు వద్దని దేశమంతా చర్చించి తేల్చుకున్న కొద్ది నెలలకే, నైరాను బజారుకు వదిలింది. ఇది సుఖంగా సాగిందని నేననను. జీతగాళ్లు, పట్నం కూలీలు చితికిపోయారు. ఏళ్లతరబడి ఆపిన దెబ్బ ఒక్క ఏడాదిలో వాళ్ల మీద పడింది.

2007 జూలైలో ఘనా నాలుగు సున్నాలు కొట్టేసి, పాత 10,000 సెడీలను ఒక్క సెడీ చేసింది. 2022లో అది మళ్లీ కుంగింది. నైజీరియా 2023 జూన్‌లో రేటు వదిలేస్తే, మరుసటి ఏడాది డాలరు 1,500 నైరాలు దాటింది. అదే కాలంలో ప్రపంచ బజారులో కోకో ధర ఆకాశాన్నంటింది, ఘనా రైతుకు సెడీల్లో ముందే కట్టిన ధర మాత్రం కిందే ఉంది. బస్తాలు మళ్లీ రాత్రిపూట సరిహద్దు దాటాయి, ఆ రైతుల తాతలు నడిచిన అడవి దారుల్లోనే.