పాత ఇంజనుకు టైమింగు పెట్టుట
(కార్మిక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మెయిల్ మోటారు సర్వీసులో పనిచేసినవారికి ఇది పాత పాఠమే. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయినప్పటికీ, పాత బండిని వదులుకొనని మిత్రులు మనలో ఇంకను ఉన్నారు. వారు అడిగినందుననే ఈ నాలుగు మాటలు.

సిలిండరులోని పెట్రోలు ఆవిరి అంటుకొని పూర్తిగా మండుటకు కొంత వ్యవధి కావలెను. నిమిషమునకు 3000 చుట్ల వేగమున క్రాంకు సెకనులో వెయ్యవ వంతు కాలములోనే 18 డిగ్రీలు తిరిగిపోవును. కనుకనే పిస్టను పైకి చేరకమునుపే నిప్పురవ్వ పడవలెను. మరీ ముందుగా పడినచో ఇంజను కటకటలాడును, పిస్టను దెబ్బతినును. ఆలస్యమైనచో బండి లాగదు, వేడెక్కును, పెట్రోలు త్రాగును.

డిస్ట్రిబ్యూటరును కదపకముందే పాయింట్లను చూడుడు. వాటి ఎడమును ఫీలర్ గేజీతో సరిచేసిన పిదపనే టైమింగు. ఈ వరుస తప్పినచో పడిన శ్రమ వృథా. ఎడము మారినచో టైమింగును మారును. పాయింటుకున్న ఫైబరు మడమ అరిగినకొలది ఎడము తగ్గును, రవ్వ ఆలస్యమగును. నడుపువాని తప్పేమియు లేకయే పెట్రోలు ఖర్చు పెరుగును. ఒక డిపోలో ఇట్టి బండికే డ్రైవరును సంజాయిషీ అడిగిరి. మన మెకానిక్ అరిగిన పాయింట్లను అధికారి బల్లపై పెట్టి చూపగా నోటీసు వెనుకకు పోయినది. పాయింట్లు మార్చిన తేదీని లాగ్ పుస్తకములో వ్రాయుడని నేను పదే పదే చెప్పుట ఇందుకే.

ఇక పని. స్విచ్చి ఆపి, గేరు న్యూట్రలులో ఉంచి, రేడియేటరు వైపునున్న మొదటి సిలిండరు ప్లగ్గు తీయుడు. రంధ్రముపై బొటనవ్రేలు ఉంచి ఇంజనును త్రిప్పుడు. గాలి వ్రేలిని నెట్టినచో అది కంప్రెషన్. పుల్లీ గుర్తును ఆ ఇంజను పుస్తకములో చెప్పిన డిగ్రీకి తెండు. డిస్ట్రిబ్యూటరు తీగె కొసకు, బాడీకి నడుమ చిన్న బల్బు కట్టి స్విచ్చి వేయుడు. క్లాంపు వదులుచేసి, రోటరు తిరుగు దిక్కునకే డిస్ట్రిబ్యూటరును బల్బు ఆరువరకు త్రిప్పి, పిదప ఎదురు దిక్కునకు మెల్లగా మరల్చుడు. బల్బు వెలిగినచోటనే ఆపి బిగించుడు. వెంటనే స్విచ్చి కట్టుడు, లేనిచో కాయిలు వేడెక్కును. డిస్ట్రిబ్యూటరు క్రాంకులో సగము వేగముతోనే తిరుగును గనుక ఇక్కడ ఒక డిగ్రీ అక్కడ రెండగును. చెవితోనే సరిచూచు ఉస్తాదులు కలరు. వారిని గౌరవింతును, బల్బును నమ్ముదును.

హాండిలుతో స్టార్టు చేయువారికి ఒక హెచ్చరిక. టైమింగు మరీ ముందుకు జరిగియున్నచో హాండిలు వెనుకకు తన్నును. మణికట్టు విరిగినవారు కలరు. బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ళ వైపుననే ఉంచుడు, హాండిలును చుట్టి పట్టరాదు. క్రిందికి నొక్కక పైకి లాగుడు.